ఇంజనీరింగ్ చదువుకు విండోసా, ఉబుంటూనా?

సివిల్, మెకానికల్ బ్రాంచ్ అయితే ఆలోచన అక్కర్లేదు, విండోసే. డిజైన్ గీసే ఆటోకాడ్, సాలిడ్‌వర్క్స్ లైనక్స్‌కి రావు, ఉబుంటూ ఒక రకం లైనక్సే. సెమిస్టర్ మధ్యలో వాటికోసం తంటాలు పడలేరు.

కంప్యూటర్ సైన్స్ సంగతి వేరు. ఉబుంటూలో పైథాన్ ముందే ఉంటుంది; సీ ప్రోగ్రాములు కంపైల్ చేసే జీసీసీ, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ టెర్మినల్లో ఒక్క కమాండ్‌తో వచ్చేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో చెప్పే ఫోర్క్ (ఒక ప్రాసెస్ నుంచి మరోటి పుట్టించడం), పైప్ (వాటి మధ్య డేటా పంపడం) ప్రోగ్రాములు నేరుగా మన మెషీన్ మీదే రాసి చూడొచ్చు. ఆ చనువు చాలా విలువైనది. విండోస్ 11లోనూ డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుంటే ఇవన్నీ నడుస్తాయి, కానీ ర్యామ్ 4 జీబీయే అయితే విసుగొస్తుంది. 16 జీబీ ఉంటే నేనూ ఆ దారే చెబుతాను.

అన్నయ్య వాడేసిన పాత ల్యాప్‌టాప్ చేతికొస్తే మాత్రం ఉబుంటూకే నా ఓటు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ తప్పనిసరి, పాతవాటిలో చాలావాటికి అది ఉండదు. ఉబుంటూ 24.04కి 2029 దాకా ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ మాత్రమే ఒప్పుకుంటారేమో కాలేజీలో కనుక్కోండి; అలాగైతే రెండూ పక్కపక్కనే డ్యూయల్ బూట్‌లో (ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకునేలా) పెట్టుకోవాలి.