గొట్టం ఫీడర్: న్యూజెర్సీలో కొన్ని చలికాలాలు వాడాక

పిట్టలు తినడానికి గింజలు పోసి, పెరట్లో ఇనుప స్తంభానికి వేలాడదీసే ఈ గొట్టం ఫీడర్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనాలా అని అడిగేవాళ్లకి కొనమనే చెప్తాను, కాకపోతే అడుగు భాగం ఊడి వచ్చే మోడలే తీసుకోండి. మంచు కరిగిన నీళ్లు కిందికి దిగి గింజలు ముద్దకట్టి బూజు పడతాయి, చెయ్యి దూరని గొట్టంలోంచి ఆ ముద్దని గోకి తీయడం మహా చిరాకు. రెండు వారాలకోసారి విప్పి సబ్బుతో కడిగి, తొమ్మిది వంతుల నీళ్లకి ఒక వంతు బ్లీచ్ కలిపి అందులో నానబెట్టి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోస్తాను. అతి శుభ్రం అనుకోకండి. 2021లో అమెరికా పశ్చిమ తీరాన పైన్ సిస్కిన్ పిట్టలు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి చచ్చిపోతుంటే ఫీడర్లు దించేయమని అధికారులే చెప్పారు. హౌస్ ఫించ్ పిట్టలకి కళ్లు వాచి మూసుకుపోయే జబ్బు కూడా ఇలా ఒకేచోట గుమిగూడితే తేలిగ్గా అంటుకుంటుంది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చూసి "మన వరికంకుల కుచ్చే కదరా ఇది" అంది. నిజమే, కానీ కుచ్చు ఖాళీ అయితే తీసి పారేస్తాం, దీన్ని కడిగి మళ్లీ వాడాలి.

గింజల్లో డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. చవక మిక్స్‌లో ఎర్రజొన్నలే ఎక్కువ, మా పిట్టలు వాటిని విదిలించి కింద పారేస్తాయి. నల్ల పొద్దుతిరుగుడు గింజలు పోస్తే చికడీలనే చిన్న పిట్టలు వదలవు. పట్టుమని పన్నెండు గ్రాములు కూడా ఉండదేమో, ఒక్క గింజ పట్టుకుని కొమ్మ మీదికి ఎగిరిపోయి, రెండు కాళ్ల మధ్య అదిమిపెట్టి, ముక్కుతో టకటకా పొడిచి పొట్టు పగలగొట్టి పప్పు తిని, మళ్లీ ఇంకొక్క గింజ కోసం వస్తుంది. ఎంతసేపు చూసినా నాకు విసుగు రాదు. వేసవిలో పసుపుపచ్చగా మెరిసే గోల్డ్‌ఫించ్ పిట్ట చలికాలంలో మట్టిరంగులో ఉంటుంది, కొత్తవాళ్లు పిచ్చుకే అనుకుంటారు.

ఎర్రటి కార్డినల్ పిట్టకి మాత్రం కూర్చోడానికి గొట్టానికున్న ఈ పొట్టి పుల్లలు సరిపోవు, కింద పళ్లెం తగిలించాకే స్థిమితంగా తింటోంది. జంకో పిట్టలు ఎలాగూ నేల మీద రాలినవే ఏరుకుంటాయి. ఉడతల బెడద లేకుండా గింజలు తీసుకునే రంధ్రాల చుట్టూ లోహపు అంచు, స్తంభానికి గొడుగులాంటి అడ్డు తప్పనిసరి, ప్లాస్టిక్ అయితే కొరికేస్తాయి. కిటికీకి మూడు అడుగుల లోపే పెట్టండి, బెదిరి లేచినా వేగం అందుకోకముందే అద్దం తగులుతుంది కాబట్టి పెద్ద దెబ్బ ఉండదు.

కడిగే ఓపిక లేకపోతే ఫీడర్ మానేసి, పెరట్లో గింజలు కాసే పూలమొక్కల్ని చలికాలం కొట్టేయకుండా వదిలేయండి, పిట్టలు వాటికీ వస్తాయి.