కొల్లేరు ఒక రోజు యాత్ర: పక్షులను చూపించారు, నీటి దారిని చూపించలేదు

భీమవరం నుంచి కొల్లేటికి ఒక రోజు యాత్ర నడిపే ఒక ట్రావెల్స్ వారి వ్యానులో పుష్యమాసంలో మేము నలుగురం వెళ్లి వచ్చాం. వ్యాను శుభ్రంగా ఉంది, డ్రైవరు నిదానస్తుడు, మధ్యాహ్నం వడ్డించిన కొరమేను పులుసు ఇంటి వంటలాగే ఉంది. అయితే చెప్పిన వేళకు గంటన్నర ఆలస్యంగా బయలుదేరడం వల్ల పక్షుల కేంద్రం ఉన్న ఆటపాక చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

అయినా ఆటపాకలో పడవ షికారు మా అందరికీ గుర్తుండిపోతుంది. చెట్ల మీదా, గూళ్ల కోసం నీటిలో నిలబెట్టిన ఇనుప మంచెల మీదా గూడబాతులు (పెలికాన్లు) కిక్కిరిసి ఉన్నాయి. ఒక గూటిలో తల్లి నోరు తెరవగానే పిల్ల మెడ దాకా తలను దాని గొంతు సంచిలోకి దూర్చి చేపను అందుకుంటూ ఉంటే మా అమ్మాయి కన్నార్పకుండా చూసింది. మార్గదర్శి పక్షుల పేర్లూ, అవి గూళ్లు కట్టే కాలమూ ఓపికగా చెప్పాడు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారనీ, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చిందనీ కూడా చెప్పాడు.

"ఈ నీళ్లన్నీ ఎక్కడి నుంచి వస్తాయండీ?" అని అమ్మాయి అడిగితే మాత్రం "వాన నీళ్లేనమ్మా" అని ఊరుకున్నాడు. నా అసంతృప్తి అంతా ఆ జవాబు దగ్గరే. కృష్ణా గోదావరులు ఒండ్రు పోసుకుంటూ తమ డెల్టాలను సముద్రంలోకి పెంచుకుపోగా, ఆ రెంటి నడుమ పూడకుండా మిగిలిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, మన చేల మీదుగా వచ్చే మురుగు కాలువలూ అందులో పడతాయి. అంత నీరూ బయటకు పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరికి చేరింది కొల్లేటికే. అప్పుడు సరస్సు లోపలి లంక గ్రామాల దారులు నీట మునిగాయి. ఆ వరదను పట్టి ఉంచి మెల్లగా సముద్రానికి వదలడమే ఈ సరస్సు పని. సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ఎందుకు కొట్టించారో, ఉప్పుటేరు పూడితే ఎగువ ఊళ్లు ఎందుకు భయపడతాయో ఈ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది.

వెళ్లేటప్పుడు ఆకివీడు దాటాక ఉప్పుటేటి వంతెన మీదుగానే పోయాం, కానీ ఆపలేదు. తిరుగు ప్రయాణంలో మేమే అడిగి ఆపించుకున్నాం. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా వంతెన స్తంభాలకు తగులుకుని, కాసేపు ఆగి, ఒక్కొక్కటే విడివడి దిగువకు పోతున్నాయి. డ్రైవరు మా పక్కకు వచ్చి నిలబడి, "ఎండాకాలం కొల్లేట్లో నీరు తగ్గిందంటే సముద్రం పోటుకి ఉప్పునీరు ఇటే పైకి ఎక్కేత్తదండి" అన్నాడు. రోజంతటిలో కొల్లేటి గురించి మాకు దొరికిన అసలైన మాట అదే.

పక్షుల కోసమైతే ఈ యాత్రకు నిస్సందేహంగా వెళ్లవచ్చు. అయిదింటికి మూడున్నర ఇస్తాను. బయలుదేరే వేళను మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకోండి. పిల్లలను తీసుకువెళ్తే ఉప్పుటేటి వంతెన దగ్గర పది నిమిషాలు ఆపమని డ్రైవరును అడగండి, కాదనడు.