వియన్నాలో ప్రోహాస్కా బాట: ఎక్కడ దిగాలి, ఏ స్టేడియం ముందు చూడాలి

ఆస్ట్రియా ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ తర్వాత కోచ్ అయిన హెర్బర్ట్ ప్రోహాస్కా పేరు మీద వియన్నా వెళ్లేవాళ్లు చాలామంది నేరుగా ప్రాటర్ పార్కులోని ఎర్న్‌స్ట్ హాపెల్ స్టేడియానికి పరుగెడతారు. దాన్ని చివరికి పెట్టుకోండి. 1955లో పుట్టిన ఈ మిడ్‌ఫీల్డర్ బతుకంతా నగరానికి దక్షిణాన ఉన్న సిమ్మరింగ్, ఫావొరిటెన్ పేటల్లో అల్లుకుని ఉంది.

బసకు ప్రధాన రైల్వే స్టేషన్ హాప్ట్‌బాన్‌హోఫ్ పరిసరాలే మేలు. పాత నగరం నడిబొడ్డున గది తీసుకుంటే అద్దె ఎక్కువ, ఈ యాత్రకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. స్టేషన్ కింద నుంచే మెట్రో యూ1 వెళుతుంది. ఆదివారం నగరంలో దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, స్టేషన్‌లోని సూపర్‌మార్కెట్ మాత్రం తెరిచే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వెళ్తే గదిలో ఏసీ ఉందో లేదో ముందే అడగండి. చవక హోటళ్లలో చాలావాటికి ఉండదు.

రవాణాకు 24 గంటల టికెట్ లాంటివి ఉన్నాయి. టికెట్ మీద ముద్ర పడిన నిమిషం నుంచి గడువు లెక్క మొదలవుతుంది. కాగితం టికెట్‌ను మొదటి ప్రయాణంలో నీలం పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. చేతిలో టికెట్ ఉండి ముద్ర లేకపోయినా జరిమానా తప్పదు, అది 100 యూరోలు దాటుతుంది.

యూ1లో దక్షిణంగా ఆల్టెస్ లాండ్‌గూట్‌లో దిగితే జెనెరాలి అరేనా వస్తుంది, వియన్నా క్లబ్బు ఆస్ట్రియా వీన్ సొంత మైదానం. 1972లో ప్రోహాస్కా ఈ క్లబ్బుకే వచ్చాడు. ఆటగాడిగా 7 లీగ్ టైటిళ్లు, కోచ్‌గా 1991, 1992 టైటిళ్లు ఇక్కడివే. 2018లో కొత్త రూపంతో తెరుచుకున్న ఈ స్టేడియంలో సుమారు 17,500 మంది పడతారు. స్టాండ్లు గీతకు ఆనుకునే ఉంటాయి కాబట్టి పాస్ కోసం అరిచే ఆటగాడి గొంతు కూడా వినబడుతుంది. పాటలు, డప్పులు కావాలంటే తూర్పు స్టాండు, పిల్లలతో వెళ్తే పక్క స్టాండు. నగరంలోని ప్రత్యర్థి క్లబ్బు ర్యాపిడ్‌తో డెర్బీ ఉన్న రోజు, వాళ్ల రంగైన ఆకుపచ్చ వేసుకుని ఇటు రావద్దు. డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వరకు లీగ్‌కు శీతాకాల విరామం. ఇది చూసుకోకుండా విమానం టికెట్ కొన్నవాళ్లకు తాళం వేసిన గేటే దక్కుతుంది.

సిమ్మరింగ్‌కు స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లో యూ3కి మారాలి. ప్రోహాస్కా ఆట నేర్చింది ఈ పేట క్లబ్బు ఓస్ట్‌బాన్ ఎలెవెన్‌లో. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, ఒక గంట చాలు. అక్కడి నుంచి 71 నంబర్ ట్రామ్ ఎక్కి సెంట్రల్ శ్మశానం రెండో గేటు దగ్గర దిగితే, అదే ఆస్ట్రియా వీన్‌కు ఆడిన మథియాస్ సిండెలార్ సమాధిని చూడొచ్చు.

ఇక హాపెల్ స్టేడియం. యూ1లో ప్రాటర్‌స్టెర్న్ దాకా వెళ్లి యూ2 ఎక్కితే స్టాడియోన్ స్టేషన్ ఎదురుగానే ఉంటుంది. దాదాపు 50,000 మంది పట్టే మైదానమే గానీ, పచ్చిక చుట్టూ పరుగు ట్రాక్ ఉండటంతో ఆట దూరమైపోతుంది. జాతీయ జట్టు మ్యాచ్ ఉంటేనే వెళ్లండి. ప్రోహాస్కా ఆ జట్టు కోచ్‌గా 1998 ప్రపంచకప్‌కు దారి వేసుకున్నది ఇక్కడే. 1999 మార్చిలో వలెన్సియాలో స్పెయిన్ చేతిలో 0-9తో ఓడాక పదవి వదిలేశాడు. ఆ ఒక్క అంకెతో ఆరేళ్ల పనిని కొలవడం అన్యాయం.

రోజులు మిగిలితే మిలాన్ కన్నా రోమ్‌కే నా ఓటు. ప్రోహాస్కా మిలాన్ క్లబ్బు ఇంటర్‌కు రెండు సీజన్లు ఆడి 1982లో ఇటలీ కప్పు గెలిచాడు, నిజమే. కానీ 1983లో రోమ్ క్లబ్బు రోమా ఇటలీ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో బ్రెజిల్ ఆటగాడు ఫల్కావో పక్కన ఆడాడు. అప్పట్లో క్లబ్బుకు విదేశీయులు ఇద్దరే. మరో బ్రెజిల్ ఆటగాడు టోనిన్యో సెరెజో రావడంతో ప్రోహాస్కాకు చోటు పోయింది, వియన్నాకు తిరిగొచ్చాడు.

వియన్నా నుంచి రోమ్‌కు నైట్‌జెట్ రాత్రి రైలుంది. సీటు టికెట్ చవకే గానీ, ఒళ్లు హూనమవుతుంది. ఆరు బెర్తుల కూపే మన స్లీపర్ కన్నా ఇరుకు. నాలుగు బెర్తులది తీసుకుంటే డబ్బుకు తగ్గ నిద్ర పడుతుంది, పొద్దున చిన్న ఫలహారం కూడా ఇస్తారు. రోమ్‌లో మెట్రో ఎ లైన్‌లో ఫ్లమీనియో దిగి, 2వ నంబర్ ట్రామ్‌లో పియాజా మంచీనీ చేరి, వంతెన దాటితే ఒలింపికో స్టేడియం. ఇటలీలో మ్యాచ్ టికెట్ మీద పేరు ఉంటుంది. కొనేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా రాయించుకోండి, గేటు దగ్గర రెండూ పోల్చి చూస్తారు.