నల్లిసుక, లేజర్, ఏడేళ్లు

అంతర్వేది ఒడ్డున అల వెనక్కి తగ్గాక నల్లటి చార మిగులుతుంది చూశారా, ఆ ఇసుక గింజల్లో ఏ మూలకం ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉందో కొలవడం నా పని. ఏడేళ్లుగా 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌ని ఐసీపీఎంఎస్‌కి (పొడిని ప్లాస్మా వేడిలో అయాన్లుగా మార్చి మూలకాల్ని లెక్కపెట్టే యంత్రం) తగిలించి వాడుతున్నాం.

యాసిడ్‌లో వేస్తే ఈ ఇసుకలోని జిర్కాన్ (జిర్కోనియం, సిలికాన్ ఉన్న గట్టి ఖనిజం) ఓ పట్టాన కరగదు. కరిగినా గింజలన్నీ కలిసిపోయి ఒకటే సగటు వస్తుంది. లేజర్‌తో ఏ గింజ లెక్క ఆ గింజదే. 30 మైక్రాన్ల చుక్క, అంటే తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. అరనిమిషం కొడితే చిన్న గుంట పడుతుంది, లేచిన పొడిని హీలియం వాయువు ఆ యంత్రంలోని ప్లాస్మాలోకి మోసుకెళ్తుంది. ఇదివరకు 213 నానోమీటర్ల లేజర్‌తో క్వార్ట్జ్ పెచ్చులు పెచ్చులుగా ఎగిరిపోయేది. ఇప్పుడా బెడద బాగా తగ్గింది.

అలాగని స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకండి. గోదావరి సగం దారి దక్కన్ బసాల్ట్ మీదే నడిచినా, ఈ ఇసుకలోని గార్నెట్లు (ఎర్రటి ఖనిజపు గింజలు) తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాళ్ల సొత్తు. వాటి కడుపులో ఏముందో పైకి తెలియదు. ఓ గింజ మీద ఇరవయ్యో సెకను దాకా స్క్రీన్ మీద మూలకాల గీతలన్నీ బుద్ధిగా నడిచాయి, అంతలో జిర్కోనియం తాటిచెట్టంత లేచింది. లోపల బుల్లి జిర్కాన్! సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్నీ కలిపేసి టేబుల్లో అంకె వేసేసింది. ఆ ముక్క కత్తిరించాకే అది గార్నెట్ అంకె అయింది.

ఇంకోసారి తప్పు నాదే. జిర్కాన్ అనుకుని మోనజైట్ అనే మరో ఖనిజాన్ని కొట్టాను. దాన్నిండా ఉండే థోరియం, సీరియం దెబ్బకి డిటెక్టర్ ట్రిప్ అయింది, తర్వాతి గింజల్లోనూ ఆ వాసన పోలేదు. కోన్లు (ప్లాస్మాలోంచి అయాన్లు లోపలికొచ్చే లోహపు మూతులు) విప్పి కడిగేసరికి సాయంత్రమైంది. అప్పట్నుంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో చూడందే లేజర్ వెయ్యను. మోనజైట్ అందులో దీపంలా తెల్లగా మెరుస్తుంది.

ప్రతి పదిహేను గింజలకోసారి నిస్ట్ 610 గాజుని (మూలకాల పాళ్లు ముందే తెలిసిన ప్రామాణిక గాజు) కొట్టి డ్రిఫ్ట్, అంటే యంత్రం అంకెలు మెల్లగా పక్కకి జరగడం, చూసుకుంటాం. జిర్కాన్‌లో సిలికాన్ పాళ్లు పెద్దగా మారవు, దాన్ని ఆధారం చేసుకుంటే లెక్క తేలిక. ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం ఉన్న నల్ల ఖనిజం) అలా కాదు. ఎండకీ వానకీ ఇనుము కొట్టుకుపోయి టైటానియం శాతం గింజగింజకీ మారుతుంది. ముందు మైక్రోప్రోబ్‌లో (ఎలక్ట్రాన్లతో గింజ కూర్పు కొలిచే యంత్రం) చూడకుండా ఎవరైనా ఇల్మెనైట్ అంకెలు చూపిస్తే నేను నమ్మను.

ఖర్చంటారా, ప్లాస్మా నిమిషానికి పదిహేను లీటర్ల పైనే ఆర్గాన్ తాగుతుంది. ఏడు క్యూబిక్ మీటర్ల సిలిండర్ ఒక్క రోజు పని. అందుకే గోదారి పొంగే ఆగస్టులో రోడ్లు మునిగి లారీ ఆగుతుందేమోనని నాలుగు సిలిండర్లు ముందే దించుకుంటాం.