ఆర్నిస్‌కి తోడు ఏది మేలు: బాక్సింగా, జూడోనా, కర్రసామా?

ఆర్నిస్ అనండి, ఎస్క్రిమా అనండి, కాలి అనండి, అన్నీ ఒకే కర్రపోరు విద్యకి పేర్లే. మొదటిరోజు చేతికిచ్చేది 28 అంగుళాల పేము బెత్తమే. ఫిలిప్పీన్స్ 2009లో చట్టం చేసి మరీ దీన్ని తమ జాతీయ యుద్ధకళగా ప్రకటించుకుంది. ఏడాదిపాటు సాధన చేసినవాళ్లకి తప్పకుండా వచ్చే సందేహం ఒకటుంది: దీనికి తోడు ఇంకేం నేర్చుకోవాలి?

కర్ర చేతిలో ఉన్నప్పటి పోరుకి జూడో మేలు. ఉత్త చేతుల పోరుకి బాక్సింగ్ మేలు. ఒక్కదానికే తీరిక ఉంటే జూడోకి వెళ్లండి.

ఆర్నిస్ తరగతిలో దేనికి లోటుందో చూస్తే కారణం తెలుస్తుంది. సినవాలి, సుంబ్రాడా, హుబాద్ లాంటి జంట సాధనల్లో ఎదుటివాడు లెక్క ప్రకారం కొడతాడు, లెక్క ప్రకారం ఆగుతాడు. చేతికీ కంటికీ పొత్తు కుదరడానికి అవి గొప్ప సాధనలే. కానీ హెల్మెట్ పెట్టుకుని నిజంగా తలపడితే కర్ర కొస అందే దూరం, అంటే లార్గో, రెండు మూడు దెబ్బల కంటే ఎక్కువ నిలవదు. చేతి మీద కొట్టిన మొదటి దెబ్బ తప్పిందంటే ఎదుటివాడు ఛాతీకి ఛాతీ ఆనేంత దగ్గరికి వచ్చేస్తాడు. అక్కడ కర్ర విసరడానికి చోటుండదు. కొత్తవాళ్లు బిగుసుకుపోయేది సరిగ్గా అక్కడే. ఫిలిప్పీన్స్‌లోని సెబులో డోసే పారెస్ అనే ఎస్క్రిమా సంఘానికి చెందిన కాకోయ్ కన్యేటే అనే గురువు ఎస్క్రిమాలో జూడో పట్లు కలిపి ఎస్క్రిడో అనే పద్ధతి కట్టింది ఈ దగ్గరి పోరు కోసమే.

ముందు బాక్సింగ్ సంగతి. అది ఇచ్చేవి మామూలు లాభాలు కావు. దెబ్బ ముఖం మీదికి వస్తున్నా కళ్లు మూసుకోకపోవడం, దూరం కొలవడం, నడుము తిప్పి బరువంతా చేతిలోకి తేవడం, ఇవన్నీ కర్ర దెబ్బకీ పనికొస్తాయి. చిక్కు రెండుచోట్ల వస్తుంది. కుడిచేతివాటం బాక్సర్ ఎడమకాలు ముందుపెట్టి నిలబడతాడు, బలమైన కుడిచేయి వెనకుంటుంది. ఆర్నిస్‌లో కర్ర ఉన్న కుడిచేయి, దానితోపాటు కుడికాలు ఎక్కువగా ముందుంటాయి. రెండూ ఒకేసారి మొదలుపెడితే నెల తిరక్కుండా కాళ్లు తడబడతాయి. దీనికి మందు మొదటిరోజునుంచే బాక్సింగ్‌ని కుడికాలు ముందుంచి, ఎడమచేతివాటం వాళ్లలా నేర్చుకోవడం. కోచ్‌కి కారణం ముందే చెప్పండి, లేకపోతే రోజూ మీ కాళ్లు సరిదిద్దుతూనే ఉంటారు.

రెండో చిక్కు ఇంకా ప్రమాదం. గ్లౌజు దెబ్బకి ముంజేతులు తలకి అడ్డుపెట్టుకోవడం మంచి అలవాటే. కర్ర దెబ్బకి అదే పని చేస్తే ముంజేతి ఎముక విరుగుతుంది. పిడికిలి తప్పించుకోవడానికి తలని నాలుగు అంగుళాలు పక్కకి వంచితే చాలు. ఏటవాలుగా దిగే కర్రకి ఆ నాలుగు అంగుళాలు ఏమూలకీ చాలవు, చెవి మీద తగలాల్సింది మెడ మీద తగులుతుంది. అందుకే కర్ర సాధన రోజున తప్పించుకోవడం తలతో కాదు, పాదాలతో జరగాలి. అడుగు వేయకుండా తల వంచిన ప్రతిసారీ జతగాడు గట్టిగా చెప్పాలి.

జూడో అలవాట్లు కర్రతో ఇంతగా తగువు పెట్టుకోవు. కర్ర విసురు ఆగిపోయే దూరంలోనే జూడో మొదలవుతుంది కాబట్టి ఒకదాని దారికి ఇంకొకటి అడ్డురాదు. ఒక్క ఉదాహరణ చూడండి, ఇద్దరూ కుడిచేతివాటం అనుకుందాం.

చాలా పద్ధతుల్లో ఒకటో దెబ్బ ఎదుటివాడి కుడివైపునుంచి మీ ఎడమ కణతకి వస్తుంది. వెనక్కి తగ్గితే కొస తగులుతుంది, వేగమంతా కొసలోనే ఉంటుంది. అతని పిడికిలి దగ్గర ఆ వేగం ఉండదు, కాబట్టి లోపలికి వెళ్లండి. మీ కర్రతో అతని కర్రకి అడ్డుకట్ట వేస్తూనే ఎడమ అరచేత్తో అతని మణికట్టు ఆపండి. ఆ వెంటనే ఎడమచేతిని అతని చేతి మీదుగా చుట్టి మోచేతిని మీ చంకలో బిగించండి. మీ ఎడమపాదం అతని కుడిపాదానికి బయట, పక్కగా పడాలి. కర్ర పట్టుకున్న మీ కుడి పిడికిలి అతని ఎడమ భుజం ముందుభాగాన్ని వెనక్కి నెడుతుంటే, మీ కుడికాలు అతని కుడికాలిని వెనకనుంచి ఊడ్చేస్తుంది. జూడోలో ఓసోటో గారి అనే పడగొట్టే పట్టు ఇదే. జూడోలో కాలరు పట్టుకునే చేతి పని ఇక్కడ కర్ర ఉన్న పిడికిలి చేస్తోంది, అంతే తేడా.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, జూడోవాళ్లు అలవాటుకొద్దీ కాలరు కోసం కర్ర వదిలేస్తారు. లేదా చేతిని చంకలో బిగించకుండా మణికట్టు దగ్గర చొక్కా పట్టుకుంటారు. అప్పుడు అతని మణికట్టు తిరుగుతుంది, పిడికిలి కింద మిగిలే రెండంగుళాల పిడి, అంటే పున్యో, మీ చెంప మీద పడుతుంది. ఎడమపాదం దూరంగా పడితే ఊడ్చే కాలు అతని పిక్క దాకానే అందుతుంది, పడేది మీరే. ఈ సాధనకి స్పాంజి చుట్టిన కర్రలే వాడాలి, కింద మ్యాట్ ఉండాలి. తూకం తప్పిందని తెలియగానే పడేవాడు పిడికిలి విప్పి కర్ర వదిలేయాలి. విసిరేవాడి కర్ర ఏ కొసా ఇద్దరి ఒంటిమధ్యకి రాకూడదు, ముఖ్యంగా గొంతుకి అడ్డంగా ఉండకూడదు.

జూడో బదులు కుస్తీ చేయొచ్చా? చేయొచ్చు. కానీ కాళ్లకోసం వంగిన క్షణాన మెడ వెనకభాగం సరిగ్గా పున్యో కిందికి వస్తుంది. నిటారుగా నిలబడి పట్టే పట్లవరకే తీసుకోండి. తైక్వాండో, కరాటే తన్నులు ఇప్పటికే వస్తే సరే, ఆర్నిస్ కోసమని కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. లేచిన కాలి మోకాలు కర్రకి సులువుగా అందుతుంది.

మన కర్రసాము వచ్చినవాళ్లకి మణికట్టు తిప్పడం, రెండు చేతుల వాటం, భుజాల ఓపిక ముందే ఉంటాయి. ఆర్నిస్‌లో సిబాట్ అనే పొడుగు కర్ర పాఠం వచ్చేసరికి వాళ్లే ముందుంటారు. పొట్టి కర్ర దగ్గర మాత్రం పాత అలవాటు అడ్డొస్తుంది. మనిషెత్తు వెదురు కర్రని ఒళ్లు చుట్టూ తిప్పే ఆ నిండు చక్రాన్ని 28 అంగుళాల బెత్తంతో తిప్పితే, కర్ర వెనక్కి వెళ్లినంతసేపూ ముందంతా ఖాళీ. రెండు చేతులూ కర్ర మీదుండే అలవాటు వల్ల, కర్ర లేని ఎడమచేయి తొడపక్కన వేలాడుతుంది. ఆర్నిస్‌లో ఆ చేతికే సగం పని. మొదటి రెండు నెలలు ఎడమ అరచేయి గుండె మీద పెట్టుకునే ప్రతి దెబ్బా కొట్టండి. చక్రం కూడా దానంతటదే చిన్నదవుతుంది.

వారానికి రెండురోజులు ఆర్నిస్, ఒకరోజు జూడో చాలు. ఈ రెంటినీ వరసరోజుల్లో పెట్టకండి. కర్ర విసురుకీ, జూడోలో చొక్కా పట్టుకోవడానికీ పనిచేసేవి ముంజేతి కండరాలే. వాటికి విశ్రాంతి లేకపోతే మోచేతి బయటివైపు నొప్పి మొదలవుతుంది. నీళ్ల చెంబు ఎత్తినప్పుడు అక్కడ కలుక్కుమంటే ఆ వారం విసుర్లు సగానికి తగ్గించండి, జూడోలో పట్టు పోరు మానేసి కిందపడే సాధన మాత్రమే చేయండి.