ఇంటి లోన్ కోసమని పాత కలెక్షన్ అప్పు సెటిల్ చేసేముందు ఆగండి: 1,900 డాలర్లు కట్టినా మా స్కోరు కదల్లేదు

అమెరికాలో ఇల్లు కొందామని చూస్తున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. క్రెడిట్ రిపోర్టులో పాత కలెక్షన్, అంటే కట్టకుండా ఉండిపోయి వసూలు కంపెనీ చేతికి వెళ్లిన అప్పు, కనిపించగానే ఎవరికైనా ముందు దాన్ని వదిలించుకోవాలనే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. లోన్ ఆఫీసర్‌ని ఒక్క మాట అడగకుండా కట్టేశాం. అక్కడే దెబ్బతిన్నాం.

2018 మొదట్లో మావారి ప్రాజెక్టు ఉన్నట్టుండి అయిపోయి ఇండియా వెళ్లిపోయాం. ఆ హడావిడిలో ఒక క్రెడిట్ కార్డు బాకీ అలాగే ఉండిపోయింది. బిల్లులన్నీ పాత అపార్ట్‌మెంట్ అడ్రస్‌కే వెళ్లాయి. వడ్డీలు, లేట్ ఫీజులు కలిసి 4,300 డాలర్లయ్యాక బ్యాంకు దాన్ని చార్జాఫ్ చేసి, అంటే ఇక రాని బాకీగా రాసేసుకుని, ఒక కలెక్షన్ కంపెనీకి అమ్మేసింది. మేము 2021లో తిరిగి వచ్చాం. 2024 జూన్‌లో ప్రీ అప్రూవల్‌కి (ఎంత లోన్ ఇస్తారో ముందే చెప్పించుకోవడానికి) వెళ్లినప్పుడు గానీ ఆ సంగతి పూర్తిగా బయటపడలేదు. నాకు ఉద్యోగం లేదు కాబట్టి లోన్ ఆయన ఒక్కరి పేరు మీదే. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు బ్యూరోల స్కోర్లు 668, 676, 691. ఇంటి లోన్‌కి మధ్య స్కోరే లెక్క, అంటే 676. 680 దాటితే ఖర్చు కొంత తగ్గుతుందని లోన్ ఆఫీసర్ అన్నారు. నాలుగు పాయింట్లే కదా, ఆ కలెక్షన్ తీసేస్తే వచ్చేస్తాయనుకున్నాం.

జులైలో ఒక సాయంత్రం మావారు కలెక్షన్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. నేను పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. 1,900 కడితే చాలు, కానీ ఈ ఆఫర్ ఈరోజుకే, రేపైతే ఫైల్ లీగల్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోతుందన్నాడు. కడితే రిపోర్టులోంచి తీసేస్తారా అని ఆయన రెండుసార్లు అడిగారు. "అప్‌డేట్ చేస్తాం సర్, 30 రోజుల్లో అంతా క్లియర్ అయిపోతుంది" అన్నాడు. నేను నోట్‌బుక్‌లో "1,900, ఈరోజే, డిలీట్" అని రాసుకున్నాను. అతను డిలీట్ అనే మాట అననే లేదు. అది నేను రాసుకున్న మాట. టెన్షన్‌లో అప్పుడు గమనించలేదు. డెబిట్ కార్డు నంబర్ చెప్పేశాం, నిమిషంలో డబ్బు పోయింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. అకౌంటు పూర్తి మొత్తం కన్నా తక్కువకు సెటిల్ అయిందని అందులో ఒకే ఒక్క వాక్యం. తీసేయడం గురించి ఏమీ లేదు. రిపోర్టులోనూ అదే మాట ఎక్కింది. పైగా బ్యాంకు చార్జాఫ్ ఎంట్రీ వేరేగా ఉంది, దాన్ని ఈ కలెక్షన్ కంపెనీ ముట్టుకోలేదు కూడా. ఆగస్టులో లోన్ ఆఫీసర్ మళ్లీ స్కోరు లాగితే మధ్యది 675.

ఎందుకు పెరగలేదో అప్పుడు తెలిసింది. స్కోరు లెక్కకట్టే పద్ధతులు చాలా ఉన్నాయి, ఫైకో, వాంటేజ్‌స్కోర్ అని, వాటిలో మళ్లీ వెర్షన్లు. ఫైకో 9, ఫైకో 10, వాంటేజ్‌స్కోర్ 3.0, 4.0 అయితే కట్టేసిన కలెక్షన్‌ని పట్టించుకోవు. ఫోన్ యాప్‌లలో ఉచితంగా చూపించేది చాలావరకు వాంటేజ్‌స్కోరే, అందుకే యాప్‌లో స్కోరు ఎగిరితే సంబరపడతాం. మా లెండర్ చూసింది మాత్రం ఫైకో 2, 4, 5 అనే పాత వెర్షన్లు. వాటి దృష్టిలో కట్టిన కలెక్షన్ కూడా కలెక్షనే. మీ లెండర్ ఏ స్కోరు చూస్తారో ముందే అడగండి.

అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇంకొకటి. ఇలాంటి నెగెటివ్ ఎంట్రీలు సుమారు 7 ఏళ్ల తర్వాత రిపోర్టు నుంచి పోవాలని ఫెడరల్ చట్టమే ఉంది. ఆ లెక్క మొదటిసారి బకాయి పడిన రోజు నుంచి నడుస్తుంది, కంపెనీలు చేతులు మారినా మారదు. ఆ మూడు బ్యూరోల్లో ఒకటైన ట్రాన్స్‌యూనియన్ రిపోర్టులో ఆ ఎంట్రీ కిందే, ఎప్పుడు తీసేస్తారో నెలతో సహా అచ్చువేసి ఉంది: 03/2025. అంటే మేము కట్టిన జులై నుంచి ఇంకో ఎనిమిది నెలలు. మేము ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకున్నాం, కానీ ఆ లైను చదవలేదు.

"కట్టకముందు నన్ను అడిగి ఉంటే వద్దనేవాడిని" అన్నారు లోన్ ఆఫీసర్. లెండర్ల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధనల ప్రకారం మామూలు కన్వెన్షనల్ లోన్‌తో (ప్రభుత్వ పూచీ లేనిది), మనం ఉండటానికి ఒక యూనిట్ (ఒకే కుటుంబం ఉండే) ఇల్లు కొంటే పాత కలెక్షన్లు కట్టితీరాలన్న షరతు లేదు. ప్రభుత్వ పూచీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లో వేరు. మెడికల్ కానివి అన్నీ కలిపి 2,000 డాలర్లు లేదా ఆ పైన ఉంటే కట్టేయాలి, లేదా వాయిదాల ఒప్పందం చూపాలి, అదీ లేకపోతే ఆ బాకీలో 5 శాతాన్ని నెలవారీ ఖర్చుగా లెక్క వేసుకుంటారు. అద్దెకిచ్చే ఇల్లయితే నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. కాబట్టి మీ లోన్ ఏదో, దానికి ఏది అవసరమో తెలియకుండా ఒక్క డాలరు కూడా పంపొద్దు.

కేసు గడువు సంగతీ చూసుకోండి. అప్పు మీద కోర్టుకు వెళ్లడానికి ప్రతి రాష్ట్రంలో ఒక కాలపరిమితి ఉంటుంది, చాలాచోట్ల 3 నుంచి 6 ఏళ్లు. మా విషయంలో అది దాటిపోయింది. గడువు దాటిన అప్పు మీద కలెక్షన్ కంపెనీలు కేసు వేయడం, వేస్తామని బెదిరించడం 2021 నవంబర్ 30 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం నిషేధం. ఇది తెలిసి ఉంటే ఆ "లీగల్ డిపార్ట్‌మెంట్" మాటకు మేము భయపడేవాళ్లం కాదు. చాలా రాష్ట్రాల్లో కొద్ది మొత్తం కట్టినా, అప్పు నాదేనని రాసిచ్చినా ఆ గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. "ముందు ఒక 50 కట్టండి చాలు" అని ఎవరైనా అంటే జాగ్రత్త.

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. వాడుకున్నది మేమే, తీర్చడం న్యాయమే. కానీ మనశ్శాంతి కోసం కట్టడం వేరు, లోన్ కోసం కట్టడం వేరు. లోన్ కోసమే అయితే ఏది రిపోర్టులోంచి పోతుందో, ఎంతకు సెటిల్ అవుతుందో కంపెనీ కాగితం మీద రాసి పంపాకే కట్టండి. వాళ్లు తీసేసి తీరాలని చట్టం లేదు, అందుకే ఆ కాగితం అవసరం. ఆ అప్పు నిజంగా మీదేనా అని అనుమానముంటే, వాళ్ల మొదటి నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా రుజువు అడిగే హక్కు మీకుంది. రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి.

మెడికల్ బిల్లులకు ఈ కథ వర్తించదు. కట్టేసిన మెడికల్ కలెక్షన్లను 2022 జులై నుంచి మూడు బ్యూరోలూ తీసేస్తున్నాయి. 500 డాలర్ల లోపువి 2023 ఏప్రిల్ నుంచి అసలు చూపించడం లేదు. అలాగే కోర్టు తీర్పు వచ్చేసిన అప్పయితే అది వేరే దారి, దాన్ని ముందు తేల్చుకోవాల్సిందే.

మా స్కోరు చివరికి పెరిగింది, కానీ ఆ 1,900 వల్ల కాదు. 3,000 లిమిట్ ఉన్న ఒక కార్డులో 2,600 బ్యాలెన్స్ ఉండేది. లోన్ ఆఫీసర్ చెప్పాక దాన్ని 200కి తెచ్చాం. ఆయన ర్యాపిడ్ రీస్కోర్ (కొత్త బ్యాలెన్స్ బ్యూరోలకు వెంటనే తెలిపి స్కోరు మళ్లీ లెక్కకట్టించడం) పెట్టించారు, వారంలో మధ్య స్కోరు 703. జూన్‌లోనే ఆ పని చేసి ఉంటే సరిపోయేది. అప్పటికి మేము ఇష్టపడ్డ ఇల్లు వేరేవాళ్లు కాంట్రాక్ట్ చేసుకున్నారు. డిసెంబర్‌లో ఇంకో ఇల్లు కొన్నాం.

2025 జనవరి చివర్లో కలెక్షన్ కంపెనీ నుంచి మరో కవరు వచ్చింది. 1099-సి ఫారం. మాఫీ చేసిన 2,400 డాలర్లు మా ఆదాయమని ఐఆర్‌ఎస్‌కి, అంటే ఫెడరల్ పన్నుల శాఖకి, చెప్పారు. మాఫీ 600 డాలర్లు లేదా ఆ పైన ఉంటే ఈ ఫారం వస్తుంది. ఆస్తుల కన్నా అప్పులు ఎక్కువగా ఉన్నవాళ్లు ఫారం 982తో మినహాయింపు అడగొచ్చు. మాకు డౌన్ పేమెంట్ డబ్బు చేతిలో ఉంది కాబట్టి అది కుదరలేదు. 22 శాతం శ్లాబులో ఫెడరల్ పన్నే 528 డాలర్లు పడింది.

మార్చి నెలాఖరులో రిపోర్టు మళ్లీ తీశాను. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా ఇస్తారు. కలెక్షన్, చార్జాఫ్ రెండూ లేవు. ఆ పేజీలో అచ్చువేసిన నెలలోనే వాటంతట అవే పోయాయి.