ఇంట్లో వాళ్లతో ‘36 ప్రశ్నలు’: ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి

‘ప్రేమలో పడేసే 36 ప్రశ్నలు’ అన్న పేరుతో యాప్‌ల్లో, కార్డుల పెట్టెల్లో దొరికే ఈ ప్రశ్నావళి నిజానికి ప్రేమికుల కోసం తయారైంది కాదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలోది. పరిచయం లేని విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, కొందరికి ఈ ప్రశ్నలు, కొందరికి ఊసుపోక కబుర్లలాంటి ప్రశ్నలు ఇచ్చారు. 45 నిమిషాలయ్యాక మొదటి రకం జంటలకే ఎక్కువ దగ్గరితనం అనిపించింది. ఆ దగ్గరితనం తాత్కాలికమైనదనీ, దానితో విధేయత, నిబద్ధత వచ్చేస్తాయనుకోవద్దనీ పరిశోధకులే చెప్పారు. ఇప్పుడు దీన్నే తల్లిదండ్రులూ పిల్లలూ, భార్యాభర్తలూ ఆడుకోమంటున్నారు.

మా అభిప్రాయం: ఉన్నది ఉన్నట్టు ఇంట్లో వాడకూడదు. మార్చుకుంటే మాత్రం చాలా మంచి సాధనం.

ఎందుకంటే, కొత్తవాళ్ల మధ్య పాత లెక్కలుండవు. ఇంట్లో ఉంటాయి. పదో తరగతి పిల్లాడు ఈ రోజు మనసు విప్పి చెప్పింది రేపు మార్కుల గొడవలో దెప్పిపొడుపుగా తిరిగొస్తే, వాడు మళ్లీ నోరు విప్పడు. అమ్మతో చెప్పింది సాయంత్రానికల్లా పిన్నికి చేరినా అంతే. ఎంత చెప్పారన్నదాని కంటే, విన్నవాళ్లు అర్థం చేసుకున్నారా, పట్టించుకున్నారా అన్నదే దగ్గరితనాన్ని తెస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రీస్, షేవర్ 1988లోనే ప్రతిపాదించారు. స్వీడన్‌లో పరిశోధకులు స్టాటిన్, కెర్ 2000లో ప్రచురించిన అధ్యయనం తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోదగ్గది. పిల్లల సంగతులు పెద్దవాళ్లకు తెలిసేది ముఖ్యంగా పిల్లలు తమంతట తాము చెప్పినప్పుడేనట, ఆరా తీసినందువల్ల కాదు. అందుకే ఈ ప్రశ్నలు ఇంటరాగేషన్‌లా మారిన క్షణం పనిచెయ్యడం మానేస్తాయి.

ప్రశ్నలు 12 చొప్పున మూడు భాగాలు, భాగానికి 15 నిమిషాలు. ఇంట్లో ఒక పూటకు ఒక్క భాగమే చాలు. ఇద్దరే కూర్చోవాలి. నలుగురు కూర్చుంటే ఒకరు జడ్జి అవుతారు, ఇంకొకరు ముద్దాయి అవుతారు. ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలి, పెద్దవాళ్లే ముందు. నాన్న తన భయం గురించి చెప్పకుండా కూతురి భయం గురించి అడిగితే అది పరీక్షే. ఎదుటివాళ్లు ముగించాక వెంటనే సలహా ఇవ్వకండి, ‘ఇంకేమైనా ఉందా?’ అని మాత్రం అడగండి. ‘దాటవేస్తున్నా’ అనే హక్కు ఇద్దరికీ ఉండాలి, కారణం అడగకూడదు. ఇక్కడ అన్న మాట గది దాటదని ముందే ఒప్పుకోవాలి. ఈ నియమాల్లో ఒక్కటే ఉంచుకోవాలంటే ఈ చివరిదే ఉంచుకోండి.

మొదటి భాగం దాదాపు మొత్తం వాడుకోవచ్చు. దేనికి కృతజ్ఞత కలుగుతుందన్న 9వ ప్రశ్న తాతా మనవల మధ్య కూడా బాగా నడుస్తుంది. ఎలా చనిపోతానని లోలోపల అనిపిస్తుందో అడిగే 7వది మాత్రం పెద్దవయసు వాళ్లతో వద్దు. రెండో భాగంలో అత్యంత ఘోరమైన జ్ఞాపకం అడిగే 18వదాన్ని పిల్లలతో తీసెయ్యండి. అమ్మతో అనుబంధం గురించిన 24వది అమ్మే ఎదురుగా కూర్చుంటే ఇబ్బంది. దాని బదులు ‘మన ఇద్దరి మధ్య ఈ ఏడాది ఏది బాగుంది, ఏది మారాలి?’ అని అడగండి. ఎదుటివాళ్లలోని మంచి లక్షణాలను వంతులవారీగా మొత్తం ఐదు చెప్పే 22వది వదలొద్దు. మన ఇళ్లలో పిల్లలను ముఖం మీద మెచ్చుకోవడం తక్కువ, ఇక్కడ ఆ కొరత తీరుతుంది.

మూడో భాగం దంపతులకే. కుటుంబంలో ఎవరి మరణం ఎక్కువ కలవరపెడుతుందన్న 35వది ఇంట్లో వాళ్ల మధ్య అనవసరమైన పోలిక తెస్తుంది, కొట్టెయ్యండి. సొంత సమస్య చెప్పి సలహా అడిగే 36వది వేరే రోజుకు పెట్టుకోండి.

అన్నీ చెప్పేసుకుంటేనే తృప్తి అనుకోకండి. అమెరికాలో పరిశోధకులు కాఫ్లిన్, గోలిష్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిజంగా ఎంత దాటేశారన్నదాని కంటే, అసంతృప్తికి ఎక్కువ ముడిపడింది అవతలివాళ్లు విషయం దాటేస్తున్నారన్న మన అభిప్రాయమే. కాబట్టి జీతం గురించో, పాత సంబంధం గురించో ఇప్పుడు మాట్లాడలేకపోతే ‘ఇది ఇంకోసారి చెబుతా’ అని బయటికే అనండి. మౌనంగా మాట మారిస్తేనే అనుమానం పెరుగుతుంది.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నలు అసలు వాడొద్దు. చెప్పిన మాటే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. అక్కడ మహిళలకు 181, పిల్లలకు 1098 హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి.

కార్డుల పెట్టె కొనాల్సిన పనిలేదు, ప్రశ్నలు ఉచితంగానే దొరుకుతాయి. మీ ఇంటికి పనికొచ్చే పన్నెండింటిని మీ ఇంటి మాటల్లో చీటీల మీద రాసుకుని, ఒక్కొక్కటీ తీస్తూ అడిగితే చాలు.